వెల్లుల్లికి ఆరు గంటల ఎండ

ఇంట్లో వెల్లుల్లి పెంచని సంసారం సంసారమే కాదు!

ఈ మాట అన్నందుకు కొందరు నన్ను కొట్టడానికి రావచ్చు. రండి. వచ్చేటప్పుడు గుప్పెడు మెత్తటి మట్టి పట్టుకురండి, పనికొస్తుంది.

బజారుకు వెళ్ళి వెల్లుల్లి కొనుక్కోవడంలో ఏముంది చెప్పండి? వెళ్ళారు, ఏరారు, సంచీలో వేసుకున్నారు, వచ్చారు. మొత్తం పావుగంట. ఆ పావుగంటలో మీ వ్యక్తిత్వం ఏ మేరకు వికసించింది? మీ ఓర్పు ఎంత పెరిగింది? ఇంటిల్లిపాదీ మీ గురించి ఒక్క మాటైనా అనుకున్నారా? అదే ఇంట్లో పెంచి చూడండి. రెబ్బ నాటిన రోజు నుంచి పాయ తవ్వే రోజుదాకా దాదాపు ఎనిమిది నెలలు. ఆ ఎనిమిది నెలలూ మీ ఇంట్లోవాళ్ళు మీ గురించి తప్ప ఇంకొకటి అనుకుంటే నన్నడగండి!

ఊరికే గాలి కబుర్లు చెప్పే అలవాటు నాకు లేదు. మా కింది అంతస్తులో ఉండే కుటుంబంలో జరిగింది జరిగినట్టు చెబుతాను. విన్నాక మీరే కుండీలు కొనడానికి బయల్దేరతారు.

ఆ ఇంటాయనకు మెయిన్ రోడ్డు మీద కళ్ళజోళ్ళ షాపు ఉంది. పేరు ఎంతమందికి తెలుసో గానీ అందరూ కళ్ళజోళ్ళాయన అనే అంటారు. షాపు వెనక చిన్న చీకటి గది, అందులో ఎత్తు కుర్చీ, ఎదురుగా గోడ మీద పైనుంచి కిందికి చిన్నవైపోయే అక్షరాల అట్ట. కుర్చీలో కూర్చున్నవాళ్ళ ముక్కు మీద బరువైన గుండ్రటి ఫ్రేము పెట్టి, ఒక అద్దం దోపి, తీసి, ఇంకోటి దోపి, "ఇది బాగుందా... ఇదా?" అని అడుగుతాడు. ఇరవై రెండేళ్ళుగా అదే ప్రశ్న. తొందరపడడు. విసుక్కోడు. ఊళ్ళో సగంమంది చూపు ఆయన చేతుల మీదుగా బాగుపడింది.

ఆయన భార్య టైలరమ్మ. ఇంట్లోనే కుడుతుంది. బాల్కనీ తలుపు పక్కన కిటికీ కింద ఆమె మిషను పందొమ్మిదేళ్ళుగా ఒకే చోట ఉంది. పొద్దున్నే వచ్చే ఎండ ఎడమ భుజం మీదుగా దిగి సరిగ్గా సూది మీద పడుతుంది. మధ్యాహ్నం దాటేదాకా దీపంతో పని లేదు. కొలత ఒకసారి తీసుకుందంటే రెండోసారి అడగదు. కుట్టు విప్పి మళ్ళీ కుట్టాల్సిన అవసరం ఆమె చేతికి ఎప్పుడూ రాలేదు. వీళ్ళిద్దరికీ ఒక్కతే కూతురు, కాలేజీలో రెండో ఏడు చదువుతోంది.

కళ్ళజోళ్ళాయన చెడ్డవాడు కాదు. ఈ సంగతి ముందే చెప్పేస్తే మంచిది. షాపుకు వచ్చిన ముసలివాళ్ళు మెట్లు దిగేటప్పుడు చెయ్యి పట్టుకుని దింపుతాడు. ఇంట్లో గొంతు పెంచి ఎరగడు. అసలు ఇంట్లో ఆయన గొంతే వినపడేది కాదు. వచ్చేవాడు, తినేవాడు, ఫోను చూసుకునేవాడు, పడుకునేవాడు. కూరలో ఉప్పు లేకపోతే లేకుండానే తినేవాడు. ఎక్కువైతే ఎక్కువగానే తినేవాడు. "మా ఆయన దేవుడు, దేనికీ వంక పెట్టడు" అని టైలరమ్మ పెళ్ళైన కొత్తలో మురిసిపోయింది. కొన్నేళ్ళు గడిచాక, దేవుడికైనా పిలిస్తే వినపడుతుందేమోనన్న అనుమానం వచ్చింది.

అలాంటి మనిషిలో ఒక మధ్యాహ్నం చలనం పుట్టింది. గిరాకీ లేని వేళ షాపులో కూర్చుని ఫోనులో వీడియో చూశాడు. అందులో గుబురు గడ్డం ఉన్న ఒకాయన ప్లాస్టిక్ బకెట్టు బోర్లించి మట్టి విదిలించాడు. పిడికిలంత వెల్లుల్లిపాయ! మళ్ళీ విదిలించాడు. ఇంకోటి! "ఇంత సులువని మీకు ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు కదూ?" అని అడిగాడు గడ్డమాయన.

నిజమే. కళ్ళజోళ్ళాయనకు ఎవరూ చెప్పలేదు. నలభై తొమ్మిదేళ్ళ జీవితం వృథాగా పోయిందనిపించింది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విడవకుండానే, "ఏమోయ్! మనం ఇకమీదట వెల్లుల్లి కొనం" అన్నాడు.

"ఇంట్లో నిండుకున్నాయి. రేపు తెమ్మని చెబుదామనుకుంటున్నా" అంది టైలరమ్మ.

"తెస్తా. కానీ తినడానికి కాదు."

చూశారా! ఆరేడేళ్ళ తర్వాత ఆ ఇంట్లో భార్యాభర్తల మధ్య మూడు మాటల సంభాషణ జరిగింది. వెల్లుల్లి ఇంకా మట్టిలోకి కూడా వెళ్ళలేదు!

మట్టిలోకి వెళ్ళేముందు అది ఫ్రిజ్‌లోకి వెళ్ళింది. వెల్లుల్లికి చలి తగలాలట. చలికాలం వచ్చి వెళ్ళిందని దాన్ని నమ్మించాలట. కాగితం సంచీలో పోసి ఆరువారాలు ఫ్రిజ్‌లో ఉంచాలని గడ్డమాయన ఆజ్ఞ. కళ్ళజోళ్ళాయన పై అర ఖాళీ చేయించి సంచీని అక్కడ కూర్చోబెట్టాడు. చలికాలం సంగతి వెల్లుల్లి నమ్మిందో లేదో గానీ, వెల్లుల్లి సంగతి మాత్రం ఫ్రిజ్‌లో ఉన్న మిగతా సరుకంతా నమ్మింది. పాలు వెల్లుల్లి పాలయ్యాయి. టీ వెల్లుల్లి టీ అయింది. కూతురు దాచుకున్న చాక్లెట్టు కూడా మతం మార్చుకుంది. ఆ చాక్లెట్టు పిల్ల కాలేజీకి తీసుకెళ్ళి స్నేహితురాలికి సగం పెడితే, ఆ స్నేహితురాలు మర్నాటి నుంచి వేరే బెంచీలో కూర్చుంది.

నష్టమా? కబుర్లు చెప్పేవాళ్ళు పక్కన లేకపోయేసరికి ఆ టర్మ్ పరీక్షల్లో పిల్లకు క్లాసులో మూడో స్థానం వచ్చింది. బజారులో కొన్న వెల్లుల్లి ఎవరి చదువైనా ఇంతగా బాగుచేసిందా?

ఆరువారాలు నిండాయి. ఇరవై నాలుగు కుండీలు వచ్చాయి. పెద్దవి వెనక వరసలో, వాటికంటే చిన్నవి ముందు, ఇంకా చిన్నవి ఇంకా ముందు. దూరం నుంచి చూస్తే షాపు గోడ మీద అక్షరాల అట్ట తెచ్చి బాల్కనీలో పడుకోబెట్టినట్టుంది. ఒక్కో కుండీలో ఒక్కో రెబ్బ. మొన తేలిన వైపు పైకి ఉండాలి, రెండు అంగుళాల లోతు ఉండాలి. లోతు కొలవడానికి భార్య టేపు తీసుకున్నాడు. తిరిగి ఇచ్చినప్పుడు ఆ టేపు మొదటి రెండు అంగుళాలూ మట్టిరంగులో ఉన్నాయి.

ఆ తర్వాత ఎండ సర్వే మొదలైంది. వెల్లుల్లికి రోజుకు ఆరు గంటల ఎండ కావాలి. ఒక ఆదివారం పొద్దున్నుంచీ కళ్ళజోళ్ళాయన సుద్దముక్క పట్టుకుని గంటగంటకూ నేల మీద గీతలు గీశాడు. బాల్కనీలో పడేది నాలుగు గంటల ఎండేనని తేలింది. పైన కప్పు అడ్డం వస్తోంది. (ఆ కప్పు మా బాల్కనీయే. నేనేం చెయ్యను?) బట్టలు ఆరేసే తాడు ఇంకో అరగంట మింగేస్తోంది. ఆరు గంటల ఎండ నికరంగా పడే చోటు ఆ ఇల్లు మొత్తానికి ఒక్కటే. తలుపు పక్కన కిటికీ కింద, మిషను ఉన్న చోటు.

"నీ మిషను కొంచెం లోపలికి జరుపుదాం" అన్నాడు.

"కొంచెం అంటే?"

"కొంచెమే."

ఆ 'కొంచెం' ఎక్కడ ఆగిందో తెలుసా? ఫ్రిజ్‌కీ బాత్‌రూమ్ తలుపుకీ మధ్య ఉన్న నడవాలో. అక్కడ కిటికీ లేదు. గోడకు ఒక ట్యూబ్‌లైటు ఉంది, అది కూడా మనసైతేనే వెలుగుతుంది. బట్టలు ఆరేసే తాడు బాత్‌రూమ్‌లోకి వెళ్ళింది. మూడు మెట్ల బెంచీ ఒకటి ఎండలోకి వచ్చింది, దాని మీదికి ఇరవై నాలుగు కుండీలూ ఎక్కాయి.

టైలరమ్మ ఏమీ అనలేదా? అంది. "నాకూ వెలుతురు కావాలి కదండీ" అంది. "నీకు లైటుంది కదా, పాపం వాటికేముంది?" అన్నాడాయన. జాలి గుండె! మనలో ఎంతమందికి మూగజీవాల మీద ఇంత జాలి ఉంది? సరే, మనిషి ఇన్నాళ్ళకు ఒకదాని మీద మనసు పెట్టాడు, ఆ ముచ్చట తీరనీ అనుకుని ఆమె ఊరుకుంది. నాలుగు రోజుల ముచ్చటే కదా అనుకుంది.

తొమ్మిదో రోజు మొదటి మొలక వచ్చింది. అప్పటినుంచి ఆ ఇంటి యజమానిని చూడాలి మీరు!

మంచం పక్కన గ్లాసుంటే మంచినీళ్ళు ఒంపుకోవడానికి భార్యను పిలిచే మనిషి, పొద్దున్నే లేచి ఇరవై నాలుగు నోళ్ళకు నీళ్ళందించాడు. మట్టిలో వేలు పెట్టి తడి చూశాడు. ఆకులను తడిగుడ్డతో తుడిచాడు. షాపుకు వెళ్తూ వెనక్కి తిరిగి చూసి వెళ్ళాడు. మధ్యాహ్నం ఫోను చేశాడు. పెళ్ళైన ఇరవై ఒక్కేళ్ళలో మధ్యాహ్నం ఫోను చేయడం అదే మొదలు! టైలరమ్మ గుండె ఒక్క క్షణం ఆగి కొట్టుకుంది.

"ఎండ ఉందా?" అని అడిగాడు.

"ఉంది."

"సరే" అని పెట్టేశాడు.

అందరూ కంటికి రెప్పలా చూసుకోవడం అంటుంటారు. ఈయన కుండీలో రెబ్బలా చూసుకున్నాడు. సాయంత్రాలు భూతద్దం పట్టుకుని బెంచీ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, భార్యను పిలిచి, ఒక ఆకు చూపించి, ఇంకో ఆకు చూపించి, "ఇది పచ్చగా ఉందా... ఇదా?" అని అడిగేవాడు. ఆమె తోచిందేదో చెబితే, "సరిగ్గా చూసి చెప్పు" అని మళ్ళీ మొదటి ఆకు దగ్గరికి వచ్చేవాడు.

టైలరమ్మ అక్క కొత్త ఇంట్లోకి మారింది. అందరూ రండి, రెండు రోజులు ఉండిపోండి అంది. "రెండు రోజులా! వీటిని ఎవరు చూసుకుంటారు?" అన్నాడు కళ్ళజోళ్ళాయన. తల్లీకూతుళ్ళు వెళ్ళారు. సాయంత్రానికి ఫోను వచ్చింది. "నువ్వు లేకపోతే ఇల్లు ఎలాగో ఉంది" అన్నాడు. టైలరమ్మ అక్కకు దూరంగా జరిగి, గొంతు తగ్గించి, "ఎలా ఉందేమిటి?" అని అడిగింది. "నీళ్ళు చిలకరించే సీసా ఎక్కడ పెట్టావో కనపడటం లేదు" అన్నాడు.

ఇదీ అనుబంధమంటే! సీసా సింకు కింద ఉంది.

మూడో నెలలో లాయరమ్మ వచ్చింది. ఈమె టైలరమ్మకు పాత గిరాకీ. ఎప్పుడూ పెద్ద లాయర్ల వెనక ఫైళ్ళు మోసేది, ఇప్పుడు మొదటిసారి సొంతంగా కేసు వాదించబోతోంది. కొత్త నల్లకోటు కావాలంది. కోటు, అస్తరు, జేబులు అన్నీ నలుపే. నల్లగుడ్డ మీద నల్లదారం. ఎండలో అయితే టైలరమ్మకు అదొక లెక్క కాదు. నడవాలో మాత్రం గుడ్డ ఎక్కడో దారం ఎక్కడో తెలియలేదు. సూదిలో దారం ఎక్కించడానికి నాలుగుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది. కళ్ళు మంట. సాయంత్రానికి నుదుటి మీద ఎవరో కూర్చున్నట్టు బరువు.

ఇంట్లో కళ్ళ గురించి తెలిసిన మనిషి ఉండగా భయమేముంది? వెళ్ళి చెప్పింది.

"ఏమండీ, నాకు నల్లదారం కనపడటం లేదండీ."

భూతద్దం వెనక నుంచి సమాధానం వచ్చింది. "నలుపు కాదు, చివర కొద్దిగా పసుపు. నేనూ అదే చూస్తున్నా."

రెండు రోజులాగి మళ్ళీ చెప్పింది. "కళ్ళు మండుతున్నాయండీ." ఆయన గాభరాపడ్డాడు. "ఎండ ఎక్కువైందంటావా?" అని కుండీలను ఒక జానెడు వెనక్కి జరిపాడు. మూడోసారి అన్నం పెడుతూ చెప్పింది. "నాకు చూపు తగ్గినట్టుంది." ఆయన నిదానంగా తలూపాడు. "వాటి మీద నీకు చూపు మొదట్నుంచీ తక్కువే" అన్నాడు బాధగా.

నాలుగోసారి ఆమె చెప్పలేదు. కోటు కుట్టేసి ఇచ్చేసింది.

కోర్టులో ఏమైందో లాయరమ్మే వచ్చి చెప్పింది. వాదన బ్రహ్మాండంగా మొదలైంది. అసలు కాగితం కోటు లోపలి జేబులో పెట్టుకుందామని అంతకుముందు అనుకుని, తొందరలో అడ్వొకేట్ల గదిలో కోటు వేసుకునేటప్పుడు పైనుంచి జారవిడిచింది. జేబులో పడిందనుకుంది. జడ్జిగారు కాగితం అడిగారు. లాయరమ్మ చెయ్యి లోపల పెట్టింది. చెయ్యి వెళ్ళలేదు. జేబు మూతి ఈ చివర నుంచి ఆ చివరదాకా కుట్టేసి ఉంది! చక్కటి సన్నటి కుట్టు. ఎడమ చెయ్యి పెట్టింది, వెళ్ళలేదు. ఛాతీ తడుముకుంది, నడుము తడుముకుంది. "ఏమైనా కుట్టిందా అమ్మా?" అని అడిగారు జడ్జిగారు. కోర్టంతా గొల్లుమంది. కాగితం చివరికి గది బయట గుమ్మం పక్కన దొరికింది. కేసు వాయిదా పడింది.

లాయరమ్మ నవ్వుతూనే చెప్పింది. "పోనీలే అక్కా, చీమ కుట్టిందనుకున్నారు, నువ్వు కుట్టావని నేను చెప్పలేదు" అంది. టైలరమ్మ నవ్వలేదు. ఆ కోటు తీసుకుని నడవాలో కూర్చుని, బ్లేడుతో ఆ కుట్టు విప్పింది. తను వేసిన కుట్టు తను విప్పడం ఆమెకు అదే మొదటిసారి. విప్పుతున్నంతసేపూ కళ్ళు తుడుచుకుంటూనే ఉంది. కూతురు ఏమైందమ్మా అంటే, "కంట్లో నలక పడింది" అంది. బాల్కనీ తలుపు దగ్గర ఎండ ఇరవై నాలుగు కుండీల మీద దేదీప్యమానంగా పడుతోంది.

మర్నాడు ఆమె చెప్పులేసుకుని మెయిన్ రోడ్డుకు వెళ్ళింది. మొగుడి షాపు దాటింది. రోడ్డు దాటింది. సరిగ్గా ఎదురుగా ఉన్న ఇంకో కళ్ళజోళ్ళ షాపులోకి నడిచింది.

ఎదురు షాపాయన ఆమెను చూసి నిలబడిపోయాడు. పదిహేనేళ్ళుగా ఇద్దరివీ ఎదురెదురు షాపులు. ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఉండటానికి ఇద్దరూ పేపర్లు అడ్డం పెట్టుకుంటారు.

"అమ్మా, మీరు... ఆయన భార్య కదా?"

"అయితే నాకు కళ్ళుండవా?"

ఆయన గబగబా పేపరు పక్కన పెట్టాడు. లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టాడు. ఫ్రేము పెట్టి, అద్దం దోపి, తీసి, ఇంకోటి దోపి, "ఇది బాగుందా అమ్మా, ఇదా?" అన్నాడు. టైలరమ్మకు నవ్వు ముంచుకొచ్చింది. ఆపుకుందామంటే ఆగలేదు. ఎదురు షాపాయన చేతిలో అద్దం పట్టుకుని బిక్కమొహం వేశాడు. "ఏం లేదండీ. ఈ ప్రశ్న నన్ను ఆకుల గురించి కాకుండా అడిగింది మీరే" అంది. ఆయనకు అర్థం కాలేదు. అయినా ఓపిగ్గా మళ్ళీ మొదటి అద్దం దోపాడు.

ఎర్రరంగు ఫ్రేము ఎంచుకుంది. కావాలనే ఎంచుకుంది. నడవా చివర నుంచి చూసినా కొట్టొచ్చినట్టు కనపడే ఎరుపు.

పాఠకులారా, ఇప్పుడు నేను చెప్పేది నమ్మడం కష్టం. ఊళ్ళో సగం మంది ముక్కుల మీద కళ్ళజోళ్ళు నిలబెట్టిన మనిషి, తన భార్య ముక్కు మీదికి వచ్చిన ఎర్ర కళ్ళజోడును నాలుగు రోజులు చూడలేదు. చూడలేదంటే మొహం తిప్పుకున్నాడని కాదు. తిన్నగానే చూశాడు. మొదటి రోజు, "ఏంటి అలా ఉన్నావు, నిద్రపట్టలేదా?" అన్నాడు. రెండో రోజు, "జుట్టేమైనా కత్తిరించుకున్నావా?" అన్నాడు. మూడో రోజు కూతురు ఉండబట్టలేక, "నాన్నా, ఒక్కసారి అమ్మను చూడు" అంది. ఆయన తలెత్తి చూశాడు. "చూశాను కదా, బాగానే ఉంది" అని భూతద్దం అందుకున్నాడు. నాలుగో రోజు ఆమె ఆ జోడు తీసి, ఆయన ఎదురుగానే పమిట చెంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. "కొంచెం పక్కకు జరుగు, ఎండకు అడ్డమొస్తున్నావు" అన్నాడు.

అయిదో రోజు లాయరమ్మ ఆయన షాపుకు వచ్చింది. చదివేటప్పుడు పెట్టుకునే జోడు కావాలంది.

"ఎలాంటి ఫ్రేము చూపించమంటారు?"

"అక్క పెట్టుకున్నలాంటిది. ఎర్రది."

"ఏ అక్క?"

"మీ ఆవిడ."

కళ్ళజోళ్ళాయన హాయిగా నవ్వాడు. "మా ఆవిడకు కళ్ళజోడు లేదండీ. ఆమె చూపు అద్దంలా ఉంటుంది."

లాయరమ్మ చేతిలోని ఫ్రేము బల్ల మీద పెట్టింది. కోర్టులో ఆగిపోయిన వాదన అక్కడ అందుకుందేమో అనిపించింది చూసినవాళ్ళకు.

"ఆఖరిసారి ఎప్పుడు చూశారు?"

"చూపు పరీక్షా? అదీ..."

"పరీక్ష కాదండీ. ఆవిడని."

"పొద్దున్నే చూశా."

"ఏ రంగు చీర కట్టుకున్నారు?"

ఆయన బల్ల మీద ఫ్రేములు సర్దడం మొదలుపెట్టాడు.

"పోనీ, మీ కుండీల్లో మూడో వరసలో నాలుగోది. ఎన్ని ఆకులున్నాయి?"

"ఏడు" అన్నాడు ఠక్కున. అని, నాలుక కరుచుకున్నాడు.

"ఆవిడ కళ్ళజోడు ఎదురు షాపులో చేయించుకున్నారు" అంది లాయరమ్మ మెల్లగా. "అయిదు రోజులైంది. రోడ్డంతటికీ తెలుసు."

కళ్ళజోళ్ళాయన అద్దాల తలుపులోంచి బయటికి చూశాడు. రోడ్డు అవతల ఎదురు షాపాయన పేపరు అడ్డం పెట్టుకోలేదు. జాలిగా చూస్తున్నాడు. పోటీదారు ద్వేషిస్తే తట్టుకోవచ్చు. జాలిపడితే ఎలా తట్టుకోవడం!

పట్టపగలు షాపు షట్టరు దించి ఇంటికి వచ్చేశాడు. టైలరమ్మ నడవాలో కుడుతోంది. తల ఎత్తలేదు.

"వాటికి నీళ్ళు పోసేశాను. మీరు రానక్కర్లేకపోయింది" అంది.

ఆయన అక్కడే నిలబడ్డాడు. ట్యూబ్‌లైటు గుడ్డిగా వెలుగుతోంది. ఆమె మొహం మీద ఎర్రటి జోడు. చీర ఆకుపచ్చది. రెండు కళ్ళ కింద నల్లటి చారలు, ఎప్పటినుంచి ఉన్నాయో. ఇన్ని సంగతులు ఒక్కసారిగా కనపడేసరికి ఆయనకు తల తిరిగినట్టయింది.

"నా దగ్గరికి రాకుండా వాడి దగ్గరికి వెళ్ళావా?" అన్నాడు. కోపంగా అనాలనుకున్నాడు, బతిమాలినట్టు వచ్చింది.

"మీ దగ్గరికే వచ్చానండీ. మూడుసార్లు వచ్చాను. మొదటిసారి పసుపుంది అన్నారు. రెండోసారి కుండీలు జరిపారు. మూడోసారి..." ఆమె ఆగింది. "మూడోసారి మీరు అన్నం తింటున్నారు. అప్పుడైనా వింటారనుకున్నా."

ఆయనకు మూడూ గుర్తొచ్చాయి. అదే వచ్చిన చిక్కు, మూడూ అక్షరం పొల్లుపోకుండా గుర్తొచ్చాయి. అంటే వినపడ్డాయన్నమాట.

"వాడు రాసిన పవరు తప్పయ్యుంటుంది. పద, నేను చూస్తా" అన్నాడు చివరికి.

"ఇప్పుడెందుకులెండి."

"పద."

ఇద్దరూ షాపుకు వెళ్ళారు. చీకటి గదిలో ఎత్తు కుర్చీలో ఆమెను కూర్చోబెట్టాడు. ఇరవై రెండేళ్ళలో ఆ కుర్చీలో ఆమె కూర్చోవడం అదే మొదటిసారి. అద్దం దోపాడు, తీశాడు, ఇంకోటి దోపాడు. ప్రశ్న అడగబోయి, మళ్ళీ అద్దం తీసి తుడవడం మొదలుపెట్టాడు. ఆమే సాయం పట్టింది. "ఇదే బాగుంది" అంది. ఎదురు షాపాయన రాసిన పవరు పావు వంతు కూడా తేడా లేకుండా సరిపోయింది. ఆ సంగతి ఒప్పుకోవడం ఆయనకు ఎంత కష్టమైందో నేను చెప్పలేను గానీ, ఒప్పుకున్నాడు. "బాగా చూశాడు" అన్నాడు. "అవునండీ, బాగానే చూశాడు" అంది ఆమె.

ఆ సాయంత్రం ఫ్రిజ్ పక్కనుంచి మిషను బయటికి వచ్చింది. మూడు మెట్ల బెంచీ ఎండలోంచి బాల్కనీలోకి వెళ్ళింది. కుండీలను ఒక్కొక్కటే మోస్తుంటే ఆయన మొహం చూడాలి, పిల్లలను హాస్టల్లో దింపి వస్తున్న తండ్రిలా ఉన్నాడు. "ఒకటి రెండు తలుపు పక్కన ఉంచండి, నాకేం అడ్డం రావు" అంది టైలరమ్మ. ఆయన ఉంచలేదు. ఆరు గంటల ఎండా ఆమెకే ఇచ్చేశాడు. వెల్లుల్లి నాలుగు గంటలతో సరిపెట్టుకుంది.

పంట సంగతి అడుగుతున్నారా? అయిదు నెలల తర్వాత ఆకులు పండాయి, ఆయన మట్టి తవ్వాడు. ఎండ తగ్గిందో, చలి చాలలేదో, ఏ పాయా రెబ్బలుగా విడలేదు. ఒక్కో కుండీలో గుండ్రంగా, నున్నగా, ఒకే ఒక్క రెబ్బ. ఇరవై నాలుగు నాటితే ఇరవై నాలుగు వచ్చాయి! ఒక్కటంటే ఒక్కటి పోలేదు! టైలరమ్మ ఒకటి చేతిలోకి తీసుకుని కళ్ళజోడు సర్దుకుని చూసింది. "కోటు గుండీ సైజు" అంది. ఎనిమిది నెలల్లో మొదటిసారి ఆ ఇంట్లో ముగ్గురూ ఒకేసారి నవ్వడం మా అంతస్తుదాకా వినపడింది.

లాయరమ్మ కేసు గెలిచింది. కోటు అదే, జేబు తెరిచి ఉంది.

ఇప్పుడు చెప్పండి, వెల్లుల్లి పెంచడం వరమా కాదా?

మీరు తొందరపడి, ఆ ఇంటికి దాని వల్ల కష్టాలే వచ్చాయి కదా అంటారు. పొరపాటు! అది చేసిన మేలు మీరింకా గమనించలేదు. ఇన్నేళ్ళూ మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఏమనుకున్నారు? "పాపం, ఆయనకు తెలియదు. గమనించే స్వభావం కాదు. చెప్పినా తలకెక్కదు. మగవాళ్ళంతే, పుట్టుకే అంత" అనుకున్నారు. ఆ నమ్మకం మీదే కొన్ని లక్షల సంసారాలు ప్రశాంతంగా నడుస్తున్నాయి. మేం మగవాళ్ళం కూడా ఎంతో వినయంగా, అవును, మాకు తెలియదు అని తలూపుతూ వచ్చాం.

ఆ మాట అబద్ధమని వెల్లుల్లి రుజువు చేసింది! ఆకు చివర ఆవగింజంత పసుపు కనిపెట్టగలడు. వేళకు నీళ్ళివ్వగలడు. మధ్యాహ్నం ఫోను చేసి ఎలా ఉందని అడగగలడు. దాని కోసం ప్రయాణం మానుకోగలడు. దాని ముందు మోకాళ్ళ మీద కూర్చోగలడు. రాక కాదు. చేతకాక కాదు. ఇన్నాళ్ళూ అన్నీ వచ్చు!

అందుకే అమ్మలారా, మీ ఆయన ఏదీ గమనించడం లేదని గొడవ పడకండి. ఒక కుండీ కొనివ్వండి చాలు. మొలక వచ్చిన రోజున ఆయన దగ్గరున్న సాకులన్నీ అయిపోతాయి.

ఈ సంగతులన్నీ నాకెలా తెలిశాయంటారా? టైలరమ్మ మా ఆవిడకు చెప్పింది. మా ఆవిడ నాకు చెప్పింది. ఒకసారి కాదట, మూడుసార్లు చెప్పిందట. నేను మూడోసారి విన్నాను.

నిన్న పొద్దున నేను ఈ వ్యాసం రాసుకుంటుంటే ఆవిడ బజారు నుంచి వచ్చి, ఖాళీ కుండీ ఒకటి నా కాగితాల పక్కన పెట్టింది. ఎందుకు తెచ్చావని అడిగాను.

"ఊరికే" అంది.

పాఠకులారా, ఆ 'ఊరికే' అన్న తీరు నాకేం నచ్చలేదు.